మైనస్ ఒకటి

కాశీబుగ్గ బేంకులో అద్దాల గది.
బొటనేలు ఎర్ర దీపం మీద పెట్టమన్నాడు గిరిధరం బావు.
పెట్టాను. పలకనేదు.
కొంగుకి తుడుసుకొని పెట్టాను. పలకనేదు.
జీడిపిక్కలు కొట్టీ కొట్టీ
ఆ సమురు నా ఏళ్ళు తినేసింది బావూ, అన్నాను.
సేతి ఏళ్ళా, వయసు ఏళ్ళా అంటావా,
రెండూ.

కన్ను సూపించమన్నాడు. అది పలికింది.
దుంపల ఢిల్లమ్మ అని కొట్టి
నా గురించి కంప్యూటర్ని అడిగాడు.
మైనస్ ఒకటి, అంది.

సున్నా తెలుసు నాకు.
సున్నా అంటే నెలాకరు.
దాని కింద ఇంకో మెట్టుందని
నలబైమూడేళ్ళకి తెలిసింది.

"తప్పు సెయ్యనేదమ్మా నువ్వు,
అప్పు సెయ్యనేదు.
అందుకే నీకు సెరిత్ర నేదు."

ఒలమ్మా,
అప్పు సెయ్యనేదా నాను?

పొట్నూరు పాపయ్య కొట్లో
అట్ట ఊడిన ఎర్ర పుస్తకం ఉండేది,
పసుపు మరకున్న పేజీ నాది.
తితిలీ కొట్టిన ఏడు
జీడిసెట్లన్నీ ఏర్లు పైకెట్టుకొని పడుకుంటే,
బట్టీలకి తాళాలు పడితే,
మూడు నెలల బియ్యం ఆ పేజీ మీదే తిన్నాం.
పై ఏడు కార్తీకానికి
ఉప్పు పేకెట్టుతో సహా కట్టీసేను.
పాపయ్య గీత కొట్టీవోడు,
ఎనకాల పేజీకి కూడా అచ్చు పడేంత గట్టిగా.
అవి నా ఏలిముద్రలు కావా?

పాపయ్య పోయాడు.
కొడుకు ఆ కొట్లో సెల్‌ఫోన్లు పెట్టాడు.
ఎర్ర పుస్తకం తూకానికి పోయి
బస్టాండులో పకోడీల బండెక్కింది.
నా సెరిత్రతో
ఎవులో సోంపేట బస్సులో
నూని సేతులు తుడుసుకొని
కిటికీలోంచి ఇసిరీసుంటారు.

సంఘంలోనూ కట్టాను. ఆ అప్పు సంఘం పేరు మీదట,
దానికి నా మొకం తెలీదట.

"అయితే ఏటి సెయ్యాల?"
"అప్పు సెయ్యాల. సిన్నది. తీర్సాల. మళ్ళీ సెయ్యాల."
మాయమ్మ ఇంటే సీపురుకట్ట తీసును.

పదేలు డిపాజిట్టు ఏసాను.
దాని మీద ఎనిమిదేల కార్డిచ్చాడు.
నా డబ్బు నాను తాకట్టెట్టి
నా డబ్బే నాను అప్పు తెచ్చుకొని
నాను మంచిదాన్నని
నన్నెప్పుడూ సూడనోడికి సెప్పుకోవాల.

"మొత్తం వాడీకమ్మా, మూడో వంతు దాటకు."
ఆకలేసినా కంచంలో ఒగ్గీసినోళ్ళే
మరియాదస్తులు కావాల, బేంకుల్లో.

ఓ నెల గ్యాసు బండ,
ఓ నెల సిన్నోడి బూట్లు,
ఓ నెల ఏటీ అక్కర్లేకపోయినా
అప్పు కోసరం రెండు కేజీల కందిపప్పు.
కేలండర్లో పద్దెనిమిదో తారీకుకి
పసుపు రాసాను, గడపకి రాసినట్టు.

ఒక్క నెల తప్పింది.
మా ఆడపడుసు పురుడు, టెక్కలి ఆస్పత్రిలో మూడు రాత్రులు.
ఇరవయ్యో తారీకున పరిగెత్తుకెళ్ళి కట్టాను.
పాపయ్యయితే, "గుంటా, గుంటడా?" అని అడుగును.
కార్డు అడగనేదు.
జరిమానా ఏసింది.
గుంటే. మూడు కేజీలుంది.

పదకొండు నెలలు.
మొన్న గిరిధరం బావు ఫోను ఇటు తిప్పి సూపించాడు:
ఏడొందల ఇరవయ్యారు.
ఎంతకి? అనడిగాను.
తొమ్మిదొందలకి.
ఆ మిగతా నూట డెబ్బైనాలుగూ ఎవులికిస్తారో మరి,
అడగనేదు.
పిక్కలు కోసే మెషినుకి యాబైవేలు వస్తాదట.
ఇంకా రానేదు.

ఇంటికొస్తే దమయంతి అరుగు మీద కూకుంది.
బట్టీలో నా పక్క పీట దానిదే, పదిహేనేళ్ళు.
రెండొందలు కావాలంది. ఎందుకో సెప్పనేదు.
కార్డున్న సంచిలోనే సెయ్యెట్టాను.

అది సెయ్యి సాపింది.
ఏళ్ళు సూసాను.
ఒక్క గీతా నేదు.

ఇచ్చీసేను.